చెల్లని మాట

తడి దుప్పటిని ఇద్దరు పట్టుకోవాలి. ఎడమ మూల ఒకరు, కుడి మూల ఒకరు. ఇద్దరూ ఒకేసారి గట్టిగా విదిలిస్తే సగం ముడతలు గాలిలోనే పోతాయి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక్క అడుగు ముందుకేసి, తిరుగుతున్న వేడి రోలర్ల సందులోకి అంచు అందించాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే దుప్పటి ఏటవాలుగా పోయి అవతల మెలికలు పడి వస్తుంది. కెటిల్ బే లాండ్రీలో రైలీ టెర్వో ఇరవై రెండేళ్లుగా ఎడమ మూల పట్టుకుంటోంది. కుడి మూల ఐలీన్ మూనియాస్‌ది. మార్చి నుంచి ఐలీన్ లేదు.

ఆ శుక్రవారం కుడి మూల పట్టుకున్నది మడతల బల్ల దగ్గర్నుంచి తీసుకొచ్చిన లొరేన్. మనిషి మంచిదే గాని విదిలింపు చేతకాదు. అంచు అందించేటప్పుడల్లా ఆమె వేళ్ల కణుపులు రోలరు ముందున్న ఇనుప కడ్డీకి తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా యంత్రం గుర్రుమని ఆగిపోతోంది. చెయ్యి లోపలికి పోకుండా ఆపడానికే ఆ కడ్డీ ఉన్నది.

"సారీ," అంది లొరేన్ యంత్రంతో.

"ఇనుప ముక్కకి సారీ ఏమిటే?" అంది రైలీ.

"నోటికి అలవాటైపోయింది. నిన్న పొద్దున తలుపు తగిలితే తలుపుకి కూడా చెప్పాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. అద్దాల గదిలోంచి సూపర్‌వైజరు డ్వైట్ పెల్కీ బయటికొచ్చాడు. నలభై మూడేళ్ల వాడు, మెత్తటి గొంతు. గట్టిగా ఒక మాట అనగా ఎవరూ వినలేదు. మీట పైకెత్తి యంత్రాన్ని మళ్లీ తిప్పాడు.

"సారీ లొరేన్, సారీ రైలీ. కంగారేం లేదు, నిదానంగా కానివ్వండి. ఇప్పుడు మనకి భద్రత ముఖ్యం."

ఇప్పుడు. మార్చిలో అయిదు ఆసుపత్రుల దుప్పట్లు ఒకే రోజు వచ్చిపడినప్పుడు ముఖ్యమైంది వేరే. రైలీ కడ్డీ చివరలకేసి చూడకుండా పని చెయ్యడం నేర్చుకుంది. అక్కడ ఆకుపచ్చ రంగు గీసుకుపోయి రెండు మెరిసే గీతలు ఉన్నాయి. తీగతో కడ్డీని పైకి లాగి కట్టేసిన చోట అవి. తీగ తిప్పింది ఈ చేతులే. పట్టకారు చేతికిచ్చింది డ్వైట్. "రైలీ, ఈ పూటకి దీన్ని కాస్త పైకి కట్టేద్దురూ, సారీ," అన్నాడు. కట్టింది. ఐలీన్ అప్పుడు భోజనానికి వెళ్లింది. తిరిగొచ్చి కుడి మూల పట్టుకుంది. నాలుగో దుప్పటికో అయిదో దుప్పటికో కేక వినిపించింది.

కడ్డీ కట్టింది ఐలీనే అని కంపెనీ కాగితం మీద రాసింది. లెక్క త్వరగా పూర్తిచేసి ఇంటికి పోవాలని రక్షణ పరికరాన్ని తనే తీసేసిందట. అందుకని పన్నెండు కుట్ల చెయ్యి ఇంకా మానకముందే ఉద్యోగం తీసేశారు. ఆ ఉత్తరం మొదటి వాక్యంలో ఉన్న మాట, "చాలా విచారిస్తున్నాం."

కాఫీ విరామంలో యూనియన్ మనిషి గార్నెట్ వచ్చి రైలీ పక్కన కూలబడ్డాడు. లారీ నడుపుతాడు, యూనియన్ కూడా అతనే నడుపుతాడు, రెండూ ఒకే వేగంతో.

"సోమవారం తొమ్మిదింటికి, మోటెల్ వెనక హాల్లో," అన్నాడు. "ఐలీన్ ఉద్యోగం వెనక్కి వస్తుందో రాదో తేల్చడానికి మధ్యవర్తి టొరంటో నుంచి దిగుతున్నాడు. నువ్వు చెప్పాల్సింది రెండు ముక్కలు. ఆసుపత్రిలో డ్వైట్ ఏమన్నాడు? అంతే."

ఆ ముక్క రైలీకి కంఠతా వచ్చు. ఆ రోజు ఆమె ఐలీన్ నోటికి పళ్లరసం గొట్టం పట్టుకుని ఉంది. డ్వైట్ టోపీ తీసి మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. "సారీ ఐలీన్. ఆ కడ్డీ కట్టేసి నడపకూడదు. తప్పు నాది," అన్నాడు.

"అది చెప్తే సరిపోతుందా? ఇంకేం అడగరుగా?"

"ఇంకేం కావాలి? నోటితో ఒప్పుకున్నాడు, ఇద్దరు విన్నారు. మేకు దిగినట్టే."

రైలీకి పెద్ద ఊపిరి వచ్చింది. మూడు నెలలుగా ఆమె పట్టుకు వేలాడుతున్నది ఆ మాటనే. డ్వైట్ ఒప్పుకున్నాడు కాబట్టి కడ్డీ కట్టింది ఏ చేతులో ఎవరూ అడగరు. ఐలీన్‌కి ఉద్యోగం వస్తుంది. తనది పోదు.

*

ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో రైలీ బోర్డు రాస్తోంది. ఎర్ర రంగు, తెల్ల రంగు, మధ్యలో మేపుల్ ఆకు. 'క్షమాపణల పోటీ, పదకొండో ఏడు.' జూలై ఒకటిన, దేశం పుట్టినరోజు నాడు, పొద్దున అట్ల ఫలహారం అయ్యాక ఈ పోటీ ఉంటుంది. మొదలెట్టింది రైలీయే. మైకు పట్టుకునేదీ ఆమే. ఇద్దరు ఎదురెదురుగా నడిచొచ్చి భుజాలు రాసుకోవాలి. ముందు సారీ అన్నవాడికి మార్కు. తర్వాత ఇద్దరూ హాలు తలుపు దగ్గరికి వెళ్లాలి. "మీరు ముందు", "అబ్బే, మీరే ముందు" అనుకుంటూ నిలబడాలి. ఎవడు ముందు గడప దాటితే వాడు ఓడిపోయినట్టు. పోయినేడు డ్వైటూ మందుల కొట్టు ఎమెట్టూ పదకొండు నిమిషాలు నిలబడ్డారు. దోమలు ఇద్దర్నీ పీక్కుతిన్నాయి. చివరికి ఎమెట్‌కి తుమ్మొచ్చి కాలు లోపల పడింది. పడగానే దోమకి కూడా సారీ చెప్పాడు. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

"మైకు సరిచూడు రైలీ," అన్నాడు కుర్చీలు సర్దుతున్న ఎమెట్.

రైలీ మైకు తీసుకుంది. మైకు చేతికొస్తే ఆమె వేరే మనిషి.

"అయ్యలారా, అమ్మలారా! లోకంలో తొక్కినవాడు సారీ చెప్పే దేశాలు చాలా ఉన్నాయి. తొక్కించుకున్నవాడు సారీ చెప్పేది మన దేశంలోనే! సరిహద్దు అవతలివాళ్లకి తుపాకులున్నాయి. మనకేముంది?"

"సారీ!" అని అరిచారు హాల్లో ఉన్న ఆరుగురూ.

"ఏమన్నారు? వినపడలేదు, సారీ!"

"సారీ!"

నవ్వుల్లో డ్వైట్ నవ్వు కూడా ఉంది. గెలిచినవాడికి ఇచ్చే కప్పు చేతిలో పట్టుకుని తుడుస్తున్నాడు. అందరూ కాఫీ కోసం వంటగదిలోకి వెళ్లాక బోర్డు దగ్గరికి వచ్చాడు.

"అక్షరాలు భలే కుదిరాయి."

"ఊఁ."

"రేపటి సంగతే నాకు బాధగా ఉంది రైలీ. మీలాంటివాళ్లని అందులోకి లాగుతున్నందుకు సారీ." కప్పు మీద ఒక మరక గోటితో గీకాడు. "మీ పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలేగా?"

"పద్నాలుగే."

"ఇట్టే గడిచిపోతాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ రాకూడదనే నా ఆశ."

ఆ గొంతులో బెదిరింపు ఇంత కూడా లేదు. అదే రైలీకి మింగుడుపడలేదు. కుంచె ముంచి, ఆకు కాడ మీద ఇంకో పూత పూసింది. అక్కర్లేని పూత, కారిపోయింది.

*

మోటెల్ హాల్లో కిటికీ అవతల సరస్సు, ఇవతల ప్లాస్టిక్ పూలు. మధ్యవర్తి ముసలాయన, జలుబు చేసింది. తుమ్మినప్పుడల్లా అందరికీ సారీ చెప్తున్నాడు. కంపెనీ తరఫు లాయరు సన్నటి ఆవిడ, రైలీ కూర్చోబోతే కుర్చీ లాగి పట్టుకుంది. గోడ పక్కన ఐలీన్, కుడిచెయ్యి ఒళ్లో, ఎడమచెయ్యి దాని మీద. ఎవరినీ చూడట్లేదు.

గార్నెట్ లేచి నిలబడి, ముందురోజు అద్దం ముందు అభ్యాసం చేసినవాడిలా అడిగాడు.

"రైలీ, మార్చి పదిహేడున ఆసుపత్రి గదిలో డ్వైట్ పెల్కీ ఏమన్నాడో చెప్పు."

"సారీ ఐలీన్ అన్నాడండీ. ఆ కడ్డీ..."

"క్షమించాలి," అంది లాయరు లేస్తూ. నిజంగా క్షమించమన్నట్టే ఉంది మొహం. "ఆపినందుకు సారీ రైలీ గారూ. అయ్యా, సాక్షి చెప్పబోయేది ఒక క్షమాపణ. మన రాష్ట్రంలో దానికో చట్టం ఉంది. మనిషి బాధపడి చెప్పిన క్షమాపణని, అందులో తప్పు ఒప్పుకున్నా సరే, ఆ మనిషికి వ్యతిరేకంగా వాడకూడదు. ఇలాంటి విచారణల్లో కూడా." కాస్త నవ్వింది. "మనం ఎంత తరచుగా సారీ చెప్తామంటే, చివరికి దానికో చట్టం కూడా చేసుకోవాల్సొచ్చింది."

హాల్లో అందరూ నవ్వారు. మధ్యవర్తి నవ్వాడు, డ్వైట్ నవ్వాడు, గార్నెట్ కూడా నవ్వాడు. ఎవరైనా ఇలాంటి మాట అంటే రైలీ పదకొండేళ్లుగా నవ్వుతూనే ఉంది. ఇప్పుడూ నవ్వింది. నవ్వుతుండగా ఐలీన్ తలెత్తి తనవైపు చూడడం కనపడింది. నవ్వు పెదాల మీద అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియలేదు.

మధ్యవర్తి ముక్కు తుడుచుకున్నాడు. "చట్టం అదే. నేను చెయ్యగలిగింది లేదు. సారీ. ఆ మాట నేను రాసుకోకూడదు."

గార్నెట్ చేతిలో ఉన్నది ఆ ఒక్క మేకు. కాగితాలు తిరగేశాడు, ముందుకీ వెనక్కీ. తర్వాత, మాట దొరక్క దొరక్క, అడగాల్సింది అడిగాడు.

"సరే, అయితే... రైలీ, ఆ రోజు కడ్డీని తీగతో ఎవరు కట్టారో నువ్వు చూశావా?"

డ్వైట్ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. రైలీ చూపుడు వేలూ బొటనవేలూ ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి, తీగ తిప్పుతున్నట్టు. పద్నాలుగు నెలలు. ఇంటి కప్పు మార్పించాలి. మోకాలు.

"లేదండీ," అంది. "నేను చూడలేదు."

"ఐలీన్ కట్టడం చూశారా?" అని అడిగింది లాయరు మెత్తగా.

"అదీ చూడలేదు."

"ధన్యవాదాలు. శ్రమ ఇచ్చినందుకు సారీ."

బయట కార్ల దగ్గర గార్నెట్ ఐలీన్ ముందు టోపీ నలుపుతున్నాడు. "సారీ ఐలీన్. ఆ చట్టం సంగతి నాకు తెలీదు. ఒట్టు, సారీ. గురువారం ఇంకోసారి కూర్చుంటారు, ఏదో ఒకటి చూద్దాం."

"ఇది పద్నాలుగోది," అంది ఐలీన్. "పొద్దున్నుంచి లెక్కపెడుతున్నా." తన కారు తలుపు ఎడమచేత్తో తీసుకుని వెళ్లిపోయింది.

*

మంగళవారం సాయంత్రం రైలీ యాలకుల రొట్టె చేసింది. మూడు పాయలుగా అల్లి, పైన పంచదార పలుకులు చల్లింది. ఫిన్లాండ్ నుంచి అమ్మమ్మ తెచ్చిన విద్య. చావుకీ పెళ్లికీ, ఏం మాట్లాడాలో తెలియని ప్రతిచోటికీ ఆమె అదే పట్టుకెళ్తుంది. రొట్టె వేడి తగ్గకముందే బయలుదేరింది. చల్లారితే ధైర్యం కూడా చల్లారుతుందని భయం.

ఐలీన్ ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. మోకాళ్ల మధ్య పలక, ఎడమచేతిలో కత్తి. కుడిచేతికి మిగిలిన రెండు వేళ్లతో, బొటనవేలుతో తోక నొక్కిపట్టింది. చేప జారింది. మళ్లీ పట్టుకుంది. రైలీ చెయ్యి చాచబోయింది.

"వద్దు. ఇది నేర్చుకోవాలి."

రైలీ రొట్టెని మెట్టు మీద పెట్టి పక్కన కూర్చుంది. దోమలు ముసురుతున్నాయి. ఇద్దరూ తోలుకోలేదు.

"నిన్న నేను..." అంది రైలీ. "ఐలీన్, సారీ. నేను అబద్ధం చెప్పాను. కడ్డీ కట్టింది నేనే. డ్వైట్ కట్టమన్నాడు. పట్టకారు తనే ఇచ్చాడు. నీకు చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే... సారీ, ఐలీన్. సారీ." ఏడుపు వచ్చేసింది. వచ్చినందుకు లోపల ఎక్కడో తేలికగా కూడా అనిపించింది.

ఐలీన్ చేప పొట్టలోంచి పేగులు లాగి బాల్చీలో పడేసింది.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వే కట్టావని. ఇరవై రెండేళ్లు నువ్వు సంచుల మూతులు బిగించడం చూశానే. రెండు చుట్లు, ఒక మెలిక, కొన లోపలికి. ఇంకెవరూ కొన లోపలికి దోపరు." కత్తి ప్యాంటుకి తుడుచుకుంది. "రక్తం కారుతుంటే కూడా చూశాను. ఇది రైలీ ముడి అనుకున్నాను."

"మరి ఎందుకు చెప్పలేదే? గార్నెట్‌కయినా?"

"నేను చెప్తే నీ మీద చాడీ. నువ్వు చెప్తే సాక్ష్యం. మూడు నెలల నుంచి చూస్తున్నా, ఎప్పుడు చెప్తావా అని."

రైలీకి ఏడుపు ఆగిపోయింది. ఏప్రిల్, మే, జూన్. వారం వారం ఈ ఇంటికొచ్చి గుడ్డలు ఉతికిపెట్టింది, మందులు తెచ్చింది. ప్రతిసారీ ఐలీన్ టీ పోసిచ్చి ఎదురుగా కూర్చుని ఊరుకునేది. అలిసిపోయింది పాపం అనుకునేది తను.

"సారీ," అంది మళ్లీ.

"మా ఆదివాసులకి ఇది కొత్త కాదులే. మా అమ్మని ఆరేళ్లప్పుడు ఇంట్లోంచి లాక్కుని పడవలో ఎక్కించి, మా పిల్లల చేత మా భాష మాన్పించే సర్కారు బడికి తీసుకుపోయారు. ముసలిదయ్యాక ప్రధానమంత్రే టీవీలో సారీ చెప్పాడు. మంచి సూటు వేసుకున్నాడు. మా అమ్మ మొత్తం విన్నది. విని, 'బాగా చెప్పాడు. ఇంక మనం నీళ్లు కాచుకుందాం' అంది. మా ఊళ్లో కుళాయి నీళ్లు అప్పటికీ కాచుకునే తాగాలి. ఇప్పటికీ అంతే."

అవతల ఒడ్డున ఎవరో బాణాసంచా ముందే కాల్చి చూసుకుంటున్నారు. వెలుతురు ఇంకా పోలేదు కాబట్టి చప్పుడే వచ్చింది, రంగు కనపడలేదు.

"ఇప్పుడు నువ్వు చెప్పిందే ఉంది," అంది ఐలీన్. "నేను పోయి గురువారం వాళ్లకి చెప్తే ఏమంటుంది ఆ లాయరు? క్షమాపణ కదా, రాసుకోవద్దు అంటుంది. డ్వైట్ చెప్పింది ఎలా చెల్లలేదో నీది కూడా అలాగే చెల్లదు. నా మెట్ల మీద ఏడ్చి వెళ్లిపోతే నీకు ఏమీ కాదు. నీకిది తెలుసు."

"నాకలాంటి ఆలోచన లేదే!"

"లేకపోతే సారీ తీసేసి చెప్పు."

"అంటే?"

"అంటే అంతే. సారీ లేకుండా. ఏడుపు లేకుండా. రొట్టె కూడా వద్దు. కడ్డీ నేను కట్టాను, డ్వైట్ కట్టమన్నాడు. అంతవరకే. చెప్పు, వింటాను."

రైలీ నోరు తెరిచింది. ఎంత చిన్న వాక్యం. ఇందాక చెప్పిందే. కానీ ఇందాక ముందొక మెత్త, వెనకొక మెత్త వేసి చెప్పింది. మధ్యలో ఉన్న రాయిని ఒంటరిగా చేతిలోకి తీసుకోవాలంటే చెయ్యి రాలేదు. పింఛను కళ్ల ముందు నిలబడింది, డ్వైట్ కప్పు తుడవడం కనపడింది.

"రేపు చెప్తాను," అంది.

"రేపు సెలవు," అంది ఐలీన్. "దేశం పుట్టినరోజు. నీకు మైకు పని ఉంది."

"సారీ."

ఆ మాట రైలీ అనాలని అనలేదు, దానంతటదే వచ్చింది. ఐలీన్ నవ్వింది, కాసేపటిదాకా ఆపలేకపోయింది. అందులో కోపం కూడా లేదు. రొట్టె పళ్లెం తీసి రైలీ ఒళ్లో పెట్టి, ఇంకో చేప అందుకుంది.

*

జూలై ఒకటిన రైలీ ఎర్ర చొక్కా వేసుకుంది. మైకు పట్టుకుంది. తొక్కించుకున్నవాడు సారీ చెప్పే దేశం మనదే అంది. జనం విరగబడి నవ్వారు. సరిహద్దు అవతలి నుంచి చేపల వేటకొచ్చిన ఇద్దరు ఫోన్లో వీడియో తీసుకున్నారు. డ్వైట్ తలుపు దగ్గర పద్నాలుగు నిమిషాలు నిలబడి, ఎమెట్‌ని మళ్లీ ఓడించాడు. ఓడించినందుకు కౌగలించుకుని సారీ చెప్పాడు. కప్పు రైలీయే ఇవ్వాలి. ఇచ్చింది. అతని చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది, అన్ని వేళ్లతో. కెమెరా కోసం ఇద్దరూ పళ్లు కనపడేలా నవ్వారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పి బాల్చీలో పడేసింది. ఏం వినోదమిది, అనుకుంది. పదకొండేళ్లు ఊరంతటికీ ఏం నేర్పాను నేను! చావుకి కూడా పక్కకి జరిగి దారిచ్చేవాళ్లం అని గొప్ప. ఆ గొప్పంతా చివరికి ఎవడి తలుపు కాపలాకి పనికొచ్చిందో తెలిసేసరికి ఒళ్లు మండింది. అద్దం ముందు నిలబడి ఆ వాక్యం అని చూసింది. మొదటిసారి 'సారీ' ముందొచ్చింది. రెండోసారి చివర్లో వచ్చింది. ఎన్నోసారికో తెలీదు, ఆ మాట రాలేదు.

*

గురువారం తొమ్మిదింటికి గార్నెట్ చెవిలో చెప్పింది. అతను తెల్లబోయి, "నీకు తెలిసే మాట్లాడుతున్నావా?" అన్నాడు. తల ఊపింది. మధ్యవర్తికి జలుబు తగ్గింది. సాక్షిని మళ్లీ పిలవడానికి ఒప్పుకున్నాడు.

"మార్చి పదిహేడున ఆ కడ్డీని తీగతో కట్టింది నేను," అంది రైలీ. "కట్టమని చెప్పింది డ్వైట్ పెల్కీ. పట్టకారు ఆయనే ఇచ్చాడు. ఐలీన్ అప్పుడు భోజనానికి వెళ్లింది. సోమవారం నేను చెప్పింది అబద్ధం."

అంతే. ఆగింది. ఆ ఆగినచోట ఒక ఖాళీ ఉంది, ఊళ్లో ఎవరైనా సరే అక్కడ ఆ మాట పెడతారు. లాయరు కలం పట్టుకుని ఎదురుచూసింది. మధ్యవర్తి కళ్లజోడు మీదుగా చూశాడు. రైలీ నాలుకని పళ్ల మధ్య పట్టి ఉంచింది.

"ఇంత బరువు మూడు నెలలు మోశారు," అంది లాయరు జాలిగా. "మీరు చాలా బాధపడి ఉంటారు. ఐలీన్ గారికి ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"లేదండీ. చెప్పాల్సింది మీకే. చెప్పాను."

ఐలీన్ ఒళ్లో ఉన్న ఎడమచెయ్యి కుడిచేతి మీంచి లేచి పక్కకి జరిగింది. కుట్ల చెయ్యి బల్లకి ఎదురుగా బయటికొచ్చింది. ఆమె మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

మధ్యవర్తి రాసుకున్నాడు. తీర్పు తొంభై రోజుల్లో వస్తుందన్నాడు. ఎటు వస్తుందో చెప్పలేం అని గార్నెట్ అన్నాడు. ఒకసారి అబద్ధం చెప్పిన సాక్షి మాట వాళ్లు ఎంత నమ్ముతారో, ఎంత తోసేస్తారో ఎవరికి తెలుసు. ఆ సంగతి అతను తల వంచుకుని చెప్పాడు.

బయట మెట్ల దగ్గర ఐలీన్ రైలీ పక్కగా వచ్చి నిలబడింది. ఇద్దరూ సరస్సుకేసి చూశారు.

"మూడు నెలలు ఆలస్యం," అంది ఐలీన్.

"అవును."

ఐలీన్ కృతజ్ఞత చెప్పలేదు. రైలీ దానికోసం చూడనూ లేదు. అలా నిలబడి ఉండగానే వెనక తలుపు తెరుచుకుంది. డ్వైట్ తలుపు పట్టుకుని, లోపల్నుంచి వచ్చే లాయర్ని ముందు పోనిచ్చి, తర్వాత వీళ్లవైపు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నిజమైనదే.

"రైలీ, ఇది చెప్పడం నాకు ఎంత కష్టంగా ఉందో మీకు తెలీదు. రేపటి నుంచి మీరు పనికి రావద్దన్నారు పైనుంచి. విచారణ జరిపేదాకా. రక్షణ పరికరం తీసింది మీరే అని మీ నోటితోనే చెప్పారు కదా... సారీ, రైలీ. మనసారా చెప్తున్నా."

ఫర్వాలేదు అనడానికి రైలీ పెదాలు కదిలాయి. ఎవరు సారీ చెప్పినా అనే మాట అది, యాభై తొమ్మిదేళ్ల నుంచీ. అనలేదు. చేతిసంచీలోంచి కలం తీసి అతనివైపు చాచింది.

"కాగితం మీద రాసివ్వు డ్వైట్. నన్ను ఎందుకు ఆపుతున్నారో రాయి, కట్టమన్నది ఎవరో అదీ రాయి. నువ్వు ఇప్పుడన్న ఆ చివరి మాట మాత్రం రాయకు. అది చెల్లదు."

కలం ఇద్దరి మధ్యా గాల్లో ఉంది. డ్వైట్ దానికేసి చూశాడు, రైలీకేసి చూశాడు, ఐలీన్ చేతికేసి చూడబోయి ఆగిపోయాడు. నోరు తెరిచాడు. ఏ మాట రాబోతోందో ముగ్గురికీ తెలుసు.